పాత రైఫిలుకు దుర్భిణి

మా పెద్దనాన్నగారి వేట రైఫిలుకు దుర్భిణి అమర్చవలెనని ఇంట ప్రస్తావన వచ్చినది. పాకాల అడవులలో వారొకప్పుడు వేటాడిన మాట నిజమే గాని, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము పిదప ఆ తుపాకి గురిపలకకే పరిమితమైనది. చూపు మందగించి వెనుక గురి, ముందు గురి, లక్ష్యము మూడింటిని వారి కన్ను ఒక్కసారి పట్టజాలకున్నది.

దుర్భిణి నిలుచుటకు తుపాకిపై రైలను ఉక్కుపట్టీ బిగించవలెను. ఏకఖండము గట్టిది, రెండు ముక్కలది పైనుండి తూటాలు నింపుటకు చోటిచ్చును. పాత మౌజరు గనుక మేము రెండవదే మేలంటిమి. తీరా చూడగా దానికి మరల రంధ్రములే లేవు! తొలిచినచో వెంట్రుకవాసి వంకరకు నూరు గజములలో గురి మూడు నాలుగంగుళములు తప్పును. ఆ తప్పును దుర్భిణి మరలతో దిద్దవచ్చును, రంధ్రమును పూడ్చుటెట్లు? నిటారుగా లేచు బోల్టు పిడిని సైతము వంచవలెను. 1959 ఆయుధ చట్టము ననుసరించి ఇది లైసెన్సుగల పనివాని పని. మట్టెవాడ లేతు దుకాణమున కుదరదు.

తమ్ముడు తొలిపింతమనెను, మేము వలదంటిమి. రెండు దినములు ఇంట మాటలు లేవు. పెద్దనాన్నగారు మాత్రము కంటివైద్యుని కడకేగి, ముందు గురి స్పష్టముగా కనబడు అద్దములు వ్రాయించుకొని వచ్చిరి.