అబ్బ సంగతి చెప్పు జేజీ

మా జేజి కడప దగ్గరి కమలాపురం ప్రభుత్వాసుపత్రిలో ఆయాగా పనిచేసింది. ఊరందరికీ ఆమె ఆయమ్మే. వయసులో ఉన్నప్పుడు చేరి, పింఛను వచ్చేదాకా అదే పని చేసింది. మా నాయన చదువు, అత్తల పెళ్లిళ్లు, మా ఇంట్లో పరిచిన కడప బండలు అన్నీ ఆ జీతంతో వచ్చినవే. ఇంత తెలిసి కూడా ఆమె పని గురించి నేను ఏనాడూ అడగలేదు. అడగకపోగా, ఆమె తనంతట తాను చెప్పబోతే అడ్డం పడినాను.

మా వంశం గురించి రాసిపెట్టాలని ఒకసారి జేజి మాటలు ఫోన్‌లో రికార్డు చేసినాను. మా పెద్దలు ఏ ఊరినుంచి వచ్చినారు, ఎంత మెట్ట ఉండేది, ఏ కరువులో ఏ చేను అమ్ముకున్నారు, ఇవీ నా ప్రశ్నలు. అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది. మధ్యలో ఎందుకో, “పెద్దమ్మవారు వచ్చిన యేడు ఆసుపత్రిలో మేం పడిన అగచాట్లు…” అని మొదలుపెట్టింది. “అది మళ్లీ చెబుదువులే. అబ్బ సంగతి చెప్పు జేజీ” అన్నాను. “సరే నాయనా” అని ఆమె మా అబ్బ, అంటే తాత సంగతిలోకి పోయింది. మళ్లీ ఆసుపత్రి ఊసెత్తలేదు. ఆమె పోయినాక ఆ రికార్డు విన్నప్పుడు, అడ్డం పడిన నా గొంతు నాకే వినబడింది.

ఆ రోజు నేను ఆపేసింది ఎంత పెద్ద సంగతో తర్వాత అర్థమైంది. పెద్దమ్మవారంటే మశూచి, అది మన దేశంలో చివరగా కనబడింది 1975లో. భూమ్మీద ఎక్కడా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. ఆ రోగాన్ని దగ్గరుండి చూసినవాళ్లలో మా జేజి తరమే ఆఖరిది. టీకాల లెక్కలు, డాక్టర్ల నివేదికలు ఎక్కడో భద్రంగా ఉంటాయి. అమ్మవారికి కోపమొస్తుందని రోగిని ఇంట్లోనే వేపాకుల మీద పడుకోబెట్టినవాళ్లకు ఆయా ఏం చెప్పింది? చీము, నెత్తురు అంటిన గుడ్డలు ఎవరు ఉడకబెట్టినారు? డ్యూటీ దిగి ఇంటికొచ్చి సొంత బిడ్డను ఎత్తుకునేటప్పుడు ఆమెకు భయం వేయలేదా? వీటికి జవాబు ఏ నివేదికలోనూ ఉండదు. ఆమె దగ్గరే ఉండేది.

నా రెండో తప్పు నలుగురిలో జరిగింది. మా చెల్లెలికి బిడ్డ పుట్టినప్పుడు జేజి గడప దగ్గరే నిలబడి, బయటినుంచి వచ్చినవాళ్లెవరినీ చేతులు కడగనిదే లోపలికి రానీలేదు. మోచేతుల దాకా సబ్బు పెట్టించి, గోళ్లు చూపించమనేది. చుట్టాలు ముఖాలు మాడ్చుకున్నారు. “ఈ పాతకాలం మడి ఇంక చాలించు జేజీ” అని అందరి ముందర కసురుకున్నాను. “మడి గాదు నాయనా, పసిబిడ్డ” అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

చాలా ఏళ్లకు సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ గురించి చదివినాను. వియన్నా పెద్దాసుపత్రిలో డాక్టర్లు శవాలు కోసిన చేతులతోనే కాన్పులు చేసేవాళ్లు. 1847 ఏప్రిల్‌లో వాళ్ల వార్డులో నూటికి 18 మంది బాలింతలు చనిపోయినారు. మే నెలలో ఆయన అందరి చేతా మన బ్లీచింగ్ పౌడర్ లాంటి సున్నపు నీళ్లతో చేతులు కడిగించినాడు. జూన్‌లో ఆ చావులు నూటికి 2కు దిగినాయి. అయినా తోటి పెద్ద డాక్టర్లు చాలామంది ఆయన మాట నమ్మలేదు. మా జేజిని కసురుకున్నప్పుడు నేను వాళ్ల వరసలోనే నిలబడి ఉన్నాను. పసిబిడ్డల సంగతీ అంతే: బొడ్డు కోసే బ్లేడు, కట్టే దారం, పట్టుకునే చేతులు శుభ్రంగా లేకపోతే పసికందుకు ధనుర్వాతం రావచ్చు. 2015 నాటికి దేశంలోని ప్రతి జిల్లాలోనూ ఆ జబ్బు వెయ్యి కాన్పులకు ఒకటికంటే తగ్గింది. ఆ మేలులో ఊరూరా ఇట్లా గడప దగ్గర నిలబడి కడిగించిన ఆడవాళ్ల వాటా ఉంది.

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది మూడోది. జేజి పోయినాక మరణ నమోదు కాగితం నేనే నింపినాను. అందులో చనిపోయినవాళ్ల వృత్తి అని ఒక గడి ఉంటుంది. నేను ‘లేదు’ అని రాసినాను. ఇంటిపట్టున ఉండే ముసలామెకు వృత్తేముంటుంది అనుకున్నాను. ఆమె పింఛనే మా ఇంటికి ఆసరా అని ఆ నిమిషంలో తట్టలేదు. సర్కారు కాగితం మీద ఆమె జన్మంతా చేసిన చాకిరిని కొట్టేసింది ఎవరో కాదు, ఆ చాకిరితో పెరిగిన మనవడు.

అప్పటినుంచి ఆమెతో పనిచేసినవాళ్లను వెదుక్కుంటూ పోయి అడుగుతున్నాను. ఒక రిటైరైన సిస్టరమ్మ చెప్పింది: గాజు సిరంజీలు ఉడకబెట్టడం, గాజుగుడ్డ కత్తిరించి మడతపెట్టి డ్రమ్ముల్లో సర్దడం, కాన్పు బల్ల మీది రబ్బరు షీటు కడగడం, మాయను లోతుగా గుంత తీసి పూడ్చడం, ఇవన్నీ మీ జేజి పనులే అని. నొప్పులతో అరిచే ఆడబిడ్డ నడుము నిమురుతూ రాత్రంతా పక్కన నిలబడేది కూడా ఆమేనంట. మన రాష్ట్రంలో 108 అంబులెన్సు వచ్చింది 2005లో. జేజి కాలంలో పల్లెలనుంచి ఎద్దులబండి మీద వచ్చేవాళ్లు. కష్టమైన కాన్పయితే పాపాఘ్ని ఏరు దాటి పాతిక కిలోమీటర్ల దూరంలోని కడపకు పోవాల. 2021 నవంబరు వరదల్లో పాపాఘ్ని మీద వంతెన కూలి కడప దారి తెగిందని విన్నప్పుడు, ఊర్లోనే ఉండి పనిచేసే మనుషుల విలువ నాకు తలకెక్కింది.

నాకు తెలిసొచ్చింది ఇది. పెద్దవాళ్లను వంశం గురించి, ఆస్తుల గురించి అడుగుతాం. వాళ్ల చేతులు ఏం చేసినాయో అడగం. ఆడవాళ్లనైతే అసలే అడగం. ఆసుపత్రిలో, బడిలో, మిల్లులో, గనిలో పనిచేసినవాళ్లు మీ ఇంట్లో ఉంటే తెల్లవారి లేచి మొదట ఏ పని పట్టుకునేవాళ్లో అడగండి. ఏ పని ఎవరు నేర్పినారు, దేనికి భయపడినారు, ఎవరి ప్రాణం నిలిచింది, ఎవరిది పోయింది, జీతం చేతికొస్తే మొదట ఏం కొన్నారు, ఇవన్నీ అడగండి. మీ ప్రశ్నను వదిలి వాళ్లు వేరే దారిలోకి పోతే పోనీయండి, వాళ్లకు ముఖ్యమైంది అక్కడే ఉంటుంది. విన్నది తేదీ వేసి రాసిపెట్టండి. ఏదైనా కాగితంలో వాళ్ల వృత్తి రాయాల్సి వస్తే, పని మానేసి ఎన్నేళ్లయినా సరే, ఆ పని పేరు పూర్తిగా రాయండి.