దేవనహళ్ళి: నమ్మకానికి మూల్యం కట్టిందెవరు?

బెంగళూరు నుంచి హైదరాబాదు వైపు వచ్చే జాతీయ రహదారి మీద, నగరం నడిబొడ్డుకు ఉత్తరంగా 40 కిలోమీటర్ల లోపే దేవనహళ్ళి ఉంది. 2008 మేలో ఈ తాలూకాలో విమానాశ్రయం తెరిచాక ఊరి పేరు అందరి నోళ్ళలో పడింది. అంతకు ముందు తెలిసినవాళ్ళకు అది టిప్పు సుల్తాను పుట్టిన ఊరు, చక్కోతా (పంపరపనస) పండ్ల ఊరు. కోడిగుడ్డు ఆకారంలో 12 అర్ధచంద్రాకారపు బురుజులతో రాతి కోట, లోపల వేణుగోపాలస్వామి గుడి, కోటకు దగ్గర్లో టిప్పు జన్మస్థలమని చెప్పే చిన్న రాతి మంటపం: చూడవచ్చినవాళ్ళు ఈ మూడూ చూసి వెళ్ళిపోతారు. కానీ ఈ సీమ చరిత్రను లోపలి నుంచి నడిపిన విషయం మరొకటి ఉంది. ఇది పారిపోయి వచ్చినవాళ్ళు కట్టుకున్న సీమ. తలదాచుకోవడం, దాచడం, పట్టివ్వడం అనే మూడు పనుల చుట్టూ ఇక్కడి జ్ఞాపకం అల్లుకుంది. ఆ జ్ఞాపకాన్ని జాగ్రత్తగా చదివితే ఒక సంగతి తేలుతుంది. బలహీనుల మధ్య నమ్మకద్రోహం చాలాసార్లు దుర్బుద్ధి నుంచి పుట్టదు, భయం నుంచి పుడుతుంది. దాని మూల్యం మాత్రం తప్పు చేసినవాడి కన్నా అతని మీద ఆధారపడినవాళ్ళ మీదనే ఎక్కువగా పడుతుంది.

మొదట వలస కథ. లూయిస్ రైస్ తన మైసూరు గెజెటీరులో నమోదు చేసిన ఐతిహ్యం ప్రకారం, 14వ శతాబ్ది చివరనో 15వ శతాబ్ది మొదటనో కంచి దగ్గరి ఆలూరు నుంచి ఏడు రైతు కుటుంబాలు ఇల్లూ వాకిలీ వదిలి బయలుదేరాయి. వాళ్ళలో ఒకరి కూతురు దొడ్డమ్మను అక్కడి బలవంతుడొకడు పెళ్ళాడతానని పట్టుబట్టాడు. కాదంటే బతకనివ్వడు. వెనక తరుముతూ మనుషులు, ముందు పొంగుతున్న పాలారు. దొడ్డమ్మ గంగమ్మకు మొక్కి తన నగను నీళ్ళలో వేస్తే ఏరు చీలి దారి ఇచ్చిందట. అలా వచ్చినవాళ్ళు నందికొండకు తూర్పున రామస్వామి బెట్ట పాదాన బళ్ళు విప్పారు. వాళ్ళ పెద్ద రణభైరేగౌడ. నిలిచిన చోటు ఆవతి, నేటి దేవనహళ్ళి తాలూకాలోనే ఉంది. ఆ వంశపు మల్లభైరేగౌడ 1501లో దేవనదొడ్డి అనే పల్లె దగ్గర మట్టికోట కట్టించాడు. అదే దేవనహళ్ళి. చిక్కబళ్ళాపురం, దొడ్డబళ్ళాపురం పాలెగాళ్ళూ ఆ శాఖలే. యలహంక ప్రభువులు, బెంగళూరు కట్టిన కెంపేగౌడ కూడా ఆ చెట్టు కొమ్మలేనని సంప్రదాయం. ఈ లెక్కన నేటి విమానాశ్రయానికి పెట్టిన కెంపేగౌడ పేరు కూడా ఆ ఏడు కుటుంబాల దగ్గరికే చేరుతుంది.

ఆ కుటుంబాలది మొరసు ఒక్కలిగ కులం. ఈ మొరసువారిలో చాలామంది ఇంటి భాష తెలుగు. దేవనహళ్ళి నుంచి చిక్కబళ్ళాపురం, చింతామణి, కోలారు దాకా పొలాల్లోనూ సంతల్లోనూ తెలుగు ఈనాటికీ వినిపిస్తుంది. గంగాగౌరీవిలాసం అనే తెలుగు యక్షగానాన్ని కెంపేగౌడ పేరనే చెబుతారు. కైవారం నారాయణ తాతయ్య తత్త్వాలు ఈ సీమలోనే రెండు భాషల్లో పుట్టాయి. కాబట్టి దేవనహళ్ళి కథ తెలుగువాళ్ళకు పొరుగింటి కథ కాదు, ఇంటి కథే.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. ఈ వలసదారులను పీడితులనవచ్చా? ఐతిహ్యమే చెబుతోంది కదా, పెళ్ళికి ఒప్పుకోకపోవడానికి ఒక కారణం ఆ వరుడి కులం తమకన్నా తక్కువదని తలచడం. పైగా తరాలు గడిచేసరికి వీళ్ళే కోటలు కట్టి, పన్నులు వసూలు చేసే పాలెగాళ్ళయ్యారు. ఈ మాటను దాటవేయకూడదు. పీడితులన్నది ఎవరి నుదుటా శాశ్వతంగా రాసి ఉండే గుర్తు కాదు. తరిమేవాడి ముందు రైతు పీడితుడు. అదే రైతు తన పొలంలో కూలి చేసేవాడి ముందు బలవంతుడు. కులగర్వం నిజమే, ఆడపిల్లను బలిమిని ఎత్తుకుపోతారన్న భయమూ నిజమే. ఒకటి రెండోదాన్ని కొట్టివేయదు. పైగా ఈ జాతి పాలెగాళ్ళయ్యాక కూడా తన గాథల్లో పారిపోయిన రాత్రినే దాచుకుంది. వాళ్ళ మరో గాథలో దాచినవాడూ పట్టిచ్చినవాడూ ఒక్కడే అవుతాడు. అసలు పరిశీలించవలసింది ఆ గాథనే.

1810లో వెలువడిన తన దక్షిణదేశ చరిత్రలో కల్నల్ విల్క్స్ దాన్ని రాసిపెట్టాడు. వృకాసురుడికి శివుడు వరమిచ్చాడు: ఎవరి తల మీద చెయ్యి పెడితే వాళ్ళు బూడిదవుతారు. అసురుడు ఆ వరాన్ని ఇచ్చినవాడి మీదే పరీక్షించబోయాడు. శివుడు పరుగెత్తి, పొలం పనిలో ఉన్న ఒక మొరసు రైతు కళ్ళ ముందే పొదల్లో దాక్కున్నాడు. వెంటనే అసురుడు వచ్చాడు. ఎటు పోయాడో చెప్పు, చెప్పకపోతే నీ తల మీద చెయ్యి పెడతానన్నాడు. రైతు నాకేమీ తెలియదని పొదలోని దేవుడికి వినబడేలా గట్టిగా అరిచాడు, అదే క్షణంలో చిటికెన వేలితో పొదను చూపించాడు. విష్ణువు మోహినిగా వచ్చి అసురుణ్ణి మట్టుపెట్టాక, శివుడు ఆ వేలిని తెగనరకమన్నాడు. అప్పుడే పొలానికి అన్నం తెచ్చిన రైతు భార్య శివుడి కాళ్ళమీద పడింది. వేలు తెగితే ఆయన సేద్యం చేయలేడు, మేమంతా పస్తులుంటాం, ఆయన వేలికి బదులు నావి రెండు తీసుకో అని వేడుకుంది. శివుడు ఒప్పుకున్నాడు.

పురాణకథను సాక్ష్యంగా ఎలా తీసుకుంటామని అడగవచ్చు. ఒక ఆచారాన్ని సమర్థించుకోవడానికి వెనక నుంచి కట్టిన కథ కావచ్చు కదా? కావచ్చు. జరిగిన సంఘటనకు ఇది సాక్ష్యం కాదు, ఒక జాతి మనస్సాక్షికి సాక్ష్యం. మనందరికీ తెలిసిన భస్మాసురుడి కథలో ఈ రైతు లేడు. అసురుడు, శివుడు, మోహిని, అంతటితో కథ సరి. మొరసువారు ఆ కథను తమదిగా చేసుకున్నప్పుడు తమవాణ్ణొకణ్ణి అందులో నిలబెట్టారు. దేవుణ్ణి కాపాడిన వీరుడిగా నిలబెట్టుకోవచ్చు, అడ్డుచెప్పేవాళ్ళు లేరు. అయినా నోటితో కాపాడి వేలితో పట్టిచ్చినవాడిగా నిలబెట్టారు. తామే ఒకప్పుడు తరమబడి వచ్చినవాళ్ళు గనక, దాక్కున్నవాడి గుండెదడా వాళ్ళకు తెలుసు, ఎటు పోయాడని నిలదీసినప్పుడు దారిన నిలబడ్డవాడి వణుకూ తెలుసు. ఒకే మనిషిలో విశ్వాసమూ ద్రోహమూ ఒకే ఊపిరిలో ఉండగలవని ఒప్పుకున్న కథ ఇది. బలవంతుల చరిత్రల్లో అలాంటి ఒప్పుకోలు అరుదు.

ఇక మూల్యం. ఈ కథను ఆధారం చేసుకున్న ఆచారాన్ని విల్క్స్, రైస్ ఇద్దరూ వివరించారు. మొరసువారిలో ఒక శాఖలో, పెద్ద కూతురికి చెవులు కుట్టించి పెళ్ళికి సిద్ధం చేసే ముందు, తల్లి తన కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు కొసల కణుపులు కోయించుకోవాలి. చెక్కదిమ్మె మీద చెయ్యి పెట్టించి ఊరి కమ్మరి ఉలితో కొట్టేవాడు. ఆ తల్లి బతికి లేకపోతే పెళ్ళికొడుకు తల్లి ఆ కోతకు కూర్చోవాలి. తర్వాత ప్రభుత్వం నిషేధించడంతో వేళ్ళకు బంగారు, వెండి తొడుగులు పెట్టుకుని వాటిని తీసివేసే లాంఛనంగా ఆచారం మారింది. కథలోని న్యాయాన్ని ఒకసారి లెక్క వేద్దాం. బెదిరించినవాడు అసురుడు, వేలు చూపింది మగవాడు. కోత పడింది మాత్రం అప్పుడు అక్కడ లేనే లేని ఆడమనిషికి, ఆమె తర్వాత వందల ఏళ్ళపాటు ఆ ఇళ్ళలో పుట్టిన ఆడవాళ్ళకు. భార్య వాదనలో కుటుంబ ఆర్థికశాస్త్రమంతా ఉంది: దున్నే చెయ్యి పోతే అందరూ పోతారు, కనుక దున్నని చెయ్యి పోవాలి. కానీ ఆ చెయ్యి నాటు వేసింది, కలుపు తీసింది, అన్నం వండి పొలానికి మోసింది. దాని పనికి లెక్క లేకపోవడమే అసలు అన్యాయం. దొడ్డమ్మ కథలోనూ అంతే: తరిమింది ఆమె కోసం, ఏరు దాటడానికి తీయవలసివచ్చిందీ ఆమె నగనే.

ఇప్పుడు దీని పక్కన బలవంతుల లెక్క పెట్టి చూడాలి. దూరం పోనక్కరలేదు. టిప్పు తండ్రి హైదర్ అలీ చిన్నప్పుడు, అతని తండ్రి ఫతే మహమ్మద్ యుద్ధంలో చనిపోగానే, దొడ్డబళ్ళాపురం జాగీరుదారు అబ్బాస్ కులీఖాన్ ఆ కుటుంబాన్ని దోచుకున్నాడు. పిల్లలు షాబాజ్, హైదర్‌లను నగారాల్లో కుక్కి, చర్మం బిగించి వాయించి, తల్లి దగ్గర ఉన్నదంతా రాబట్టాడని విల్క్స్ రాశాడు. ఆ తల్లి పిల్లలతో బెంగళూరులోని తన సోదరుడి పంచన చేరింది. 1740ల చివర మైసూరు దళవాయి సేన దేవనహళ్ళిని ముట్టడించినప్పుడే హైదర్ తొలిసారి పేరు తెచ్చుకున్నాడు. కోట పోగొట్టుకున్న గౌడ చిక్కబళ్ళాపురంలోని తన బంధువుల దగ్గరికి వెళ్ళాడు. ఆ చిక్కబళ్ళాపురం కూడా 1760ల మొదట్లో హైదర్ వశమైంది. 1760 ఆగస్టులో తన దివాను ఖండేరావు ఎదురు తిరిగితే హైదర్ భార్యాబిడ్డలను శ్రీరంగపట్నంలోనే వదిలి ప్రాణాలతో బెంగళూరుకు పరుగెత్తాడు. అక్కడి కోట అధికారి కబీర్ బేగ్ తలుపులు మూయలేదు గనక బతికాడు. తర్వాత యుద్ధంలో ఓడి, తానే పదవి నుంచి దింపిన మైసూరు మంత్రి నంజరాజు గుమ్మంలో నిలబడి శరణు కోరాడు. నంజరాజు మన్నించి ఆదరించాడు. గెలిచిన తర్వాత ఖండేరావును హైదర్ ఇనుప పంజరంలో పెట్టాడు. నంజరాజుకు అభయమిచ్చి రప్పించి నిర్బంధంలో ఉంచాడు. చరిత్ర గ్రంథాలు దీన్ని రాజనీతి అన్నాయి. భయంతో వేలు చూపిన రైతు ఇంట్లో మాత్రం తరతరాలు వేళ్ళు తెగాయి. నమ్మకద్రోహానికి శిక్ష పడటం తప్పు కాదు. అది ద్రోహం పరిమాణాన్ని బట్టి కాక, ద్రోహి హోదాను బట్టి పడటం తప్పు.

భయాన్ని కారణంగా చూపితే ద్రోహాన్ని క్షమించినట్టే కదా అన్నది గట్టి అభ్యంతరం. 1922 నుంచి 1924 దాకా మన్యంలో అల్లూరి సీతారామరాజుకు తిండిపెట్టి, దారి చూపి, దాచినవాళ్ళకు భయం లేదా? ఆయన అనుచరులు గాం గంటందొర, మల్లుదొర నిలబడలేదా? నిలబడ్డారు. కొందరు ముఠాదారులు, అంటే కొండ గ్రామాల పెత్తందార్లు, మాత్రం సర్కారు పక్షాన చేరారు. అంటే భయం అందరిదీ, లొంగుబాటు కొందరిదే, కాబట్టి బాధ్యత ఉంది. రైతు కథ కూడా బాధ్యతను తుడిచివేయలేదు, తీర్పు చెప్పింది. కానీ తీర్పు చెప్పేవాళ్ళు మరొకటీ చూడాలి. పారిపోయినవాణ్ణి పట్టుకోలేని ప్రభుత్వం ఎప్పుడూ దాచే ఊరి మీదే పడుతుంది. మన్యంలో పోలీసు బలగాల వెనుక తలకు ప్రకటించిన బహుమతులూ, గూడేల మీద వేధింపులూ నడిచాయి. 1850లో అమెరికా చేసిన చట్టం పారిపోయిన బానిసకు ఆశ్రయమిచ్చినవాళ్ళకు ఆరు నెలల జైలు, వెయ్యి డాలర్ల దాకా జరిమానా పెట్టింది. వృకాసురుడు తల మీద పెడతానన్న చెయ్యి ఇదే. నిలబడ్డవాళ్ళను గౌరవించాలి, కానీ ఆ గౌరవం వణికినవాణ్ణి మాత్రమే దోషిని చేసి వణికించినవాణ్ణి వదిలేయడానికి సాకు కాకూడదు.

ఈ లెక్క పాతబడలేదు. దేవనహళ్ళి తాలూకా చెన్నరాయపట్న హోబళిలోని 13 గ్రామాల్లో 1,777 ఎకరాలను పారిశ్రామిక పార్కు కోసం తీసుకోబోతే, రైతులు 2022 ఏప్రిల్ 4న ధర్నాకు కూర్చున్నారు. వాళ్ళలో దళిత కుటుంబాలున్నాయి, చిన్న కమతాలవాళ్ళున్నారు, కూరగాయలూ పూలూ పాలూ నగరానికి పంపి బతికేవాళ్ళున్నారు. 1,198 రోజుల తర్వాత, 2025 జులై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆ భూసేకరణను విరమించుకుంటున్నట్టు ప్రకటించారు. అయితే ఇష్టపడి ఇచ్చేవాళ్ళ భూమి తీసుకుంటామని, వాళ్ళకు ఎక్కువ పరిహారమూ అభివృద్ధి చేసిన స్థలాలూ ఇస్తామని కూడా అన్నారు. ఇక్కడ తరిమేవాడు లేడు, పొద లేదు. కానీ కలిసి నిలబడదామన్న మాటకూ ఒక ఇంటి అవసరానికీ మధ్య చీలిక తెచ్చే అడుగు అదే. కూతురి పెళ్ళి, ఆసుపత్రి ఖర్చు, బోరు ఎండి తెచ్చిన అప్పు ఉన్న రైతు సంతకం పెడితే పక్క పొలంవాడు ద్రోహి అనడం తేలిక. ఆ సంతకం వెనుక ఒంటరి భయం ఉంటే ఆ ఒంటరితనంలో ఊరికీ వాటా ఉంది. మూడేళ్ళకు పైగా ఆ ఊళ్ళు నిలవగలిగింది తమలో మెత్తనివాళ్ళు లేరని కాదు. కష్టాన్ని ఇంటికొకరుగా కాక ఊరంతా పంచుకున్నారు గనక.

దేవనహళ్ళి నేర్పేది ఇదే. నమ్మకాన్ని గుణంగా మాత్రమే చూస్తే దాన్ని మనుషుల నుంచి డిమాండు చేయడమే మిగులుతుంది. అప్పుడు చివరికి ఎవరి చెయ్యి దిమ్మె మీదికి వస్తుందో మొరసు ఆడవాళ్ళ చరిత్ర చూపించింది. నమ్మకాన్ని భారంగా చూస్తే దాన్ని పంచుకోవాలన్న బుద్ధి పుడుతుంది. ఆశ్రయమిచ్చిన ఇంటికి జరిమానా పడితే ఊరు కట్టాలి, భూమి ఇవ్వనన్నవాడికి అప్పు మీద పడితే తోటివాళ్ళు ఆదుకోవాలి, వేలు చూపినవాడి తప్పు అతని భార్య ఖాతాలో రాయకూడదు. ఇవి లేని చోట విశ్వాసం గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నా, అది పేదవాడి మీద వేసిన మరో పన్ను మాత్రమే.