స్విచ్చులో చిక్కిన అధ్యాస

రజ్జుసర్ప దృష్టాంతమును వినని వేదాంత జిజ్ఞాసువు ఉండడు. అయితే అందులోని ఒక సూక్ష్మమును చాలామంది గమనింపక దాటిపోతారు. గాఢాంధకారములో త్రాడు పామువలె కనిపించదు. అక్కడ ఏదియు కనిపించదు. పట్టపగలు త్రాడు త్రాడుగానే కనిపిస్తుంది. పాము పుట్టడానికి మసక వెలుతురు కావాలి. ఇక్కడ ఏదో ఉన్నదనే సామాన్యాంశము తెలియాలి, అది ఏమిటనే విశేషాంశము తెలియకుండాలి. ఆ ఖాళీలోకి పూర్వము చూచినదాని స్మృతి వచ్చి కూర్చుంటుంది. శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యమునకు ఉపోద్ఘాతముగా రచించిన అధ్యాస భాష్యములో విచారించినది దీనినే.

ఆస్పరి మండలములోని కైరుప్పలలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఈ భాగమును ఏకాదశి దినములలో పదిమందికి చదివి చెప్పేవారు. త్రాడును చూపుటకు తన ఉత్తరీయమునే మెలిపెట్టి నేలపై వేసేవారు. ఆయన ఇంటి వెనుక రేకుల కొట్టములో, టార్పాలిన్ క్రింద, తండ్రిగారి అంబాసిడర్ కారు పంతొమ్మిదేండ్లుగా కదలక నిలిచి ఉన్నది.

అది కదలకపోవుటకు ఒక రాత్రి కారణము. ఆనాడు తమ్ముడు తెల్లవారకముందే దీపాలు వేసుకొని ఆదోని పత్తి మార్కెట్టుకు వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగివచ్చి, కారును కొట్టములో నిలిపి టార్పాలిన్ కప్పినాడు. అర్ధరాత్రి తండ్రికి గుండెనొప్పి వచ్చినది. అన్న పరుగున వెళ్ళి తాళము త్రిప్పితే ఇంజను మూలుగు కూడా లేదు. దీపాల బొత్తాము వద్ద చేయి పెట్టినారు, దీపము లేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయినది. తోసినా ఫలితము లేకపోయినది. పొరుగూరి జీపు వచ్చి ఆదోని చేరేలోపల తండ్రి ప్రాణము పోయినది.

"దీపాలు ఆర్పకుండా వదిలేసినావు" అన్నారు అన్న, దహనమైన మూడవనాడు, బంధువులందరి ఎదుట.

"లేదన్నా, లోపలికి నూకినా. నాకు బాగా గుర్తుంది" అన్నాడు తమ్ముడు. మరుసటి నెలలోనే ఎమ్మిగనూరుకు కాపురము మార్చినాడు. ఆ తరువాత ఉగాది మరునాటి పిడకల సమరానికి ప్రతి యేడు ఊరికి వచ్చేవాడు గాని అన్న గడప తొక్కలేదు.

ఈ ఫాల్గుణములో ఉపాధ్యాయుడు ఆ కారును అమ్మదలచినారు. ఉత్తరపారలోని కర్మాగారము 2014లో అంబాసిడర్ తయారీని నిలిపివేసిన తరువాత పాత బండ్లను కోరి కొనేవారు పెరిగినారు. కొనవచ్చిన వ్యక్తి దీపాలు వెలగాలని షరతు పెట్టినాడు. క్రొత్త బ్యాటరీ తగిలించిన వెంటనే వింత కనిపించినది. బొత్తాము లోపలికే ఉన్నది, అయినా డ్యాష్‌బోర్డులో మీటరు దీపము వెలుగుతున్నది. వెనుకకు వెళ్ళి చూస్తే ఎర్రదీపాలు కూడా వెలుగుతున్నవి. బొత్తామును లాగి మరల నొక్కితే ఆరినవి. మరొకసారి లాగి నొక్కితే ఆరలేదు.

స్విచ్చు మార్చుట పెద్ద పని కాదు గాని తొందరపడరాని పని. దీపాల స్విచ్చుకు వచ్చే తీగెలో, తాళము తీసివేసినా, విద్యుత్తు ఉంటుంది. కనుక మొదట బ్యాటరీ తీగెను విప్పాలి. బొత్తాము కాడకు అడుగున చిన్న రంధ్రము, అందులో స్ప్రింగుపై నిలిచిన మేకు ఉన్నవి. సన్నని సీలతో దానిని నొక్కితే బొత్తాము ఊడివచ్చినది. ముందరి నట్టు విప్పి, డ్యాష్‌బోర్డు క్రింద వెల్లకిల పండుకొని స్విచ్చును క్రిందికి దించినారు. తీగెల రంగులు దుమ్ములో కలిసిపోయినవి. గుడ్డతో తుడిస్తే తేరినవి: బ్యాటరీ నుండి వచ్చేది గోధుమ రంగు, ప్రక్కదీపాలకు ఎరుపు, పెద్దదీపాలకు నీలము. ఒక్కొక్క తీగెకు కాగితపు చీటీ కట్టి విప్పినారు. డెబ్బదియేండ్ల వయస్సులో ఆ మూల పండుకొని చీటీలు కట్టుట మామూలు శ్రమ కాదు.

ఆదోనిలో పాత సామాను అమ్మే దుకాణములో సరిపడే స్విచ్చు దొరికినది. క్రొత్తది బిగించిన తరువాత ఆయన పాతదానిని పారవేయక విప్పి చూచినారు. కాడతో పాటు ముందుకు వెనుకకు జరగవలసిన ఇత్తడి రేకును పట్టి ఉంచే నల్లని ముక్క పగిలినది. కాడ లోపలికి వెళ్ళినా రేకు కొన్నిసార్లు దానితో వెళ్ళక, మొదటి మెట్టులోనే ఆగిపోతున్నది. అప్పుడు ప్రక్కదీపాలు, వెనుకదీపాలు, మీటరు దీపము అన్నియు వెలుగుతూనే ఉంటవి. అవన్నీ కలిసి రెండు యాంపియర్లకు పైగా లాగుతవి. టార్పాలిన్ క్రింద, పట్టపగలు, ఎవరికి కనిపిస్తుంది? మధ్యాహ్నము నుండి అర్ధరాత్రి వరకు పన్నెండు గంటలు. పాత బ్యాటరీకి అది చాలును.

పగులు నిలిచి ఉన్న కాలములో వచ్చినదేమో అని ఆయన సందేహించినారు. కాని ఇత్తడి రేకు ఆగే చోట లోతైన గాడి పడి ఉన్నది. గాడి వాడుకలో పడుతుంది గాని, నిలిచి ఉన్న బండిలో పడదు. ఇది అనుమాన ప్రమాణమే, ప్రత్యక్షము కాదు. అయితే తన నిందకు ఆ మాత్రపు ప్రమాణమైనా ఉన్నదా అని వెదికినప్పుడు ఆయనకు చెమటలు పట్టినవి. ఆ రాత్రి చీకటిలో బొత్తాము బయటికి ఉండగా చూచినానని పంతొమ్మిదేండ్లు నమ్మినారు. ఇప్పుడు తరచి చూస్తే, కంగారులో దానిని లాగినది తన చేయియే. బండి కదలలేదనేది సామాన్యాంశము. తమ్ముని అజాగ్రత్త అనే మిగిలినదంతా స్మృతి అల్లిన పాము. భాష్యము చదివి చెప్పినవానికే ఇట్లు జరుగుటలో వింత లేదు. ఉత్తరీయమును మెలిపెట్టినది ఎల్లప్పుడు ఇతరుల కొరకే.

త్రాడని తెలిసిన తరువాత కూడా దేహకంపము కొంతసేపు ఉంటుందని పెద్దలు చెప్పుదురు. అట్లే, సత్యము తెలిసి పది దినములైనా తమ్మునిపై పాత కోపము అప్పుడప్పుడు లేచేది. పగ తీరినా నాలుకకు దాని రుచి అలవాటై ఉన్నది కాబోలు. కారును మాత్రము అమ్మలేదు.

ఉగాది మరునాడు ఊరు రెండుగా చీలి పిడకలు విసురుకున్నది. వీరభద్రస్వామికి, కాళికాదేవికి నడుమ ప్రణయ కలహమని ఊరివారి నమ్మకము. సమరము ముగిసి దెబ్బలు తగిలినవారు విభూతి పూసుకుంటూ ఉండగా, ఉపాధ్యాయుడు గుడి వద్ద తమ్ముని వెదికి పట్టుకొని, జేబులోని పాత స్విచ్చును అతని చేతిలో పెట్టినారు. తమ్ముడు కాడను లాగి, నొక్కి, మరల లాగి, నొక్కి చూచినాడు. రేకు ఆగిపోయినది.

"నువ్వు నూకినావు రా. నేనే అబద్ధమాడితి" అన్నారు అన్న.

తమ్ముడు చాలాసేపు తల ఎత్తలేదు. "జీపులో నాయన నన్ను అడిగినాడన్నా, మన బండి ఏమైందని. ఏం చెప్పాల్నో తెలియలేదు. నువ్వు అన్నంక నేనే నూకలేదేమో అనుకుంటి, శానా యేండ్లు."

ఆ మాటకు అన్న వద్ద బదులు లేదు.

చీకటి పడినాక ఇద్దరూ ఆ కారులోనే ఎమ్మిగనూరుకు బయలుదేరినారు. తమ్ముడు నడిపినాడు. మీటరు దీపపు పసుపు వెలుగు అతని చేతులపై పడినది. దారిలో మాటలు తక్కువ. ఇంటి ముందర కారు ఆపి, బొత్తామును లోపలికి నొక్కి, దిగి, తమ్ముడు వెనుకకు నడిచి ఎర్రదీపాలు ఆరినవో లేదో చూచినాడు. ముందరి దీపాలను అన్న చూచినారు.