అట్ట వెనక చదివి చెప్పిన పుస్తకాలు

పుస్తకం చదవకుండానే దాని గురించి మాట్లాడే విద్య నాకు బాగా అబ్బింది. ఆదివారం అనుబంధంలో సమీక్ష చూస్తాను. జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకు వెళ్లి అట్ట వెనక నాలుగు వాక్యాలు చదివి వస్తాను. ఈ మాత్రం సరుకుతో పిడుగురాళ్లలో పుస్తకాలు తెలిసిన మనిషిగా చలామణీ అయిపోవచ్చు. నేనయ్యాను. పురుగుమందుల కొట్టు నాది. పత్తికి మందు కోసం వచ్చిన రైతు, సున్నం బట్టీలో లెక్కలు రాసే కుర్రాడు, డీఎస్సీకి చదువుతున్న అమ్మాయి, ఎవరైనా సరే, మాట పుస్తకాల మీదికి మళ్లిందంటే, "కథలూ నవలలూ ఎందుకండీ, జరిగింది రాసిన పుస్తకాలు చదవండి" అని పేర్లు చెప్పేవాణ్ణి.

పత్తి దెబ్బతిన్న ఏడు ఒక రైతు అడిగాడు, మన కష్టం గురించి ఎవరైనా రాశారా అని. ఎందుకు రాయలేదూ, జర్నలిస్టు పి. సాయినాథ్ రాశాడుగా అని ఆయన కరువు పుస్తకం తెలుగు అనువాదం తెప్పించి ఇచ్చాను. కొన్నాళ్లకు వచ్చి బల్ల మీద పెట్టాడు. "రామనాథపురం అంటాడు, కలహండి అంటాడు. ఇందులో మనమెక్కడున్నాం?" అన్నాడు. లేము. పత్తి రైతుల చావుల గురించి దేశం మాట్లాడుకోవడం మొదలైంది 1997-98లో. ఆ పుస్తకం ఇంగ్లీషులో వచ్చింది 1996లో. లోపలి మొదటి పేజీలో సంవత్సరం చూసుకున్నా తెలిసిపోయేది. ఆ సంగతి మాత్రం ఆయనకు చెప్పకుండా, "సారం ఒకటేలే" అని దాటేశాను.

ఆయన మంచివాడు కాబట్టి పుస్తకాన్ని తిట్టలేదు. అందులోని ఎద్దుల కథ చెప్పాడు. ఒడిశాలో నువాపడా వైపు మేలుజాతి దూడలు పుట్టిస్తామని సర్కారు పథకం పెట్టింది. నాటు ఖరియార్ ఎద్దులన్నిటికీ విత్తులు కొట్టించారు. మేలుజాతి దూడలు పుట్టినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఉన్న నాటుజాతి కాస్తా ఆ ప్రాంతంలో పోయింది. "మనూళ్లో అయితే దీనికి కూడా ప్రారంభోత్సవం చేసేవాళ్లు" అని నవ్వాడు. నేనూ నవ్వాను, ఆ కథ నాకు ముందే తెలిసినట్టు.

రెండో తప్పు ఇంతకంటే పెద్దది. రిటైరైన టీచరమ్మ ఒకావిడ, మిర్చి పొలం చూసుకుంటూ ఉంటుంది, చదవడానికి ఏదన్నా చెప్పమంది. కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ 'నిర్జన వారధి' ఇచ్చి, "పార్టీ చరిత్రమ్మా, కమ్యూనిస్టుల రోజులన్నీ తెలుస్తాయి" అన్నాను. సమీక్షలో నాకు గుర్తున్న ముక్క అదే.

వారం తిరక్కముందే వచ్చింది. కొట్లో కంపెనీ ఏజెంటు కూడా ఉన్నాడు. "ఏమయ్యా, ఇది నువ్వు చదివావా?" అంది. చదివానన్నాను. "అయితే ఆవిడ కాకినాడలో ఏం పని చేసిందో చెప్పు" అంది. నా నోరు పెగల్లేదు. ఏజెంటు తన ఫోన్ చూసుకున్నాడు.

హాస్టల్ మేట్రన్‌గా చేసింది. బాల్యంలోనే పెళ్లి, ఊహ తెలిసేలోపు వైధవ్యం, కొండపల్లి సీతారామయ్యతో మళ్లీ పెళ్లి, అజ్ఞాతవాసం, తర్వాత ఆయన విడిచి వెళ్లడం. ముప్ఫై దాటాక హైదరాబాదులో మళ్లీ పలకా బలపం లాంటి చదువు. ఆనక బతుకుతెరువుకు కాకినాడ. కన్నపిల్లలిద్దర్నీ పోగొట్టుకుంది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 2012లో ఈ పుస్తకం వేసేటప్పటికి ఆమెకు తొంభై దాటాయి. 2018లో, నూరేళ్ల వయసులో పోయింది. పార్టీ ఉంది, లేకపోలేదు. కానీ టీచరమ్మకు తగిలింది వేరే. ఉద్యమం కోసం ఇల్లు వదిలిన మగవాళ్ల కథలు తను చాలా విన్నదట, వదిలేసిన ఇల్లు చెప్పుకోవడం ఇదే వినడమట.

2021-22లో మిర్చి పూతలో నల్ల తామర పురుగు చేరి తోటలకు తోటలు పోయినప్పుడు, ఏజెంటు చెప్పింది విని, డబ్బా మీద రాసింది చూసి రైతుల చేతిలో మందులు పెట్టాను. ఏదీ సరిగా పనిచేయలేదు. పుస్తకాల్లో నేను చేసిందీ అదే బేరం. కాకపోతే పుస్తకం తేడా వస్తే ఎవరూ కొట్టు ముందు ధర్నా చేయరు కదా, అందుకే ఇన్నాళ్లు సాగింది.

టీచరమ్మ అలా అడిగాక సిగ్గుతో 'నిర్జన వారధి' చదవడం మొదలుపెట్టాను. సిగ్గు కొద్ది పేజీల్లోనే పోయింది, పుస్తకం పోలేదు. ఆ ఊపులోనే సుజాత గిడ్ల 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' పట్టుకున్నాను. 2017లో అమెరికాలో వచ్చింది, రాసినావిడ అప్పట్లో న్యూయార్క్ మెట్రో రైల్లో కండక్టరు. ఇంగ్లీషులో తడుముకుంటూ చదువుతుంటే గుంటూరు వచ్చింది. ఆవిడ మేనమామ కె.జి. సత్యమూర్తి, మనం శివసాగర్ అనే కవి, చేతిలో డబ్బుల్లేక అవస్థపడుతూ చదివింది ఏసీ కాలేజీలోనే. ఆ కాలేజీ ముందు నుంచి మిర్చి యార్డుకు నేనెన్నిసార్లు పోయుంటానో. తర్వాత 1980లో పీపుల్స్ వార్ నక్సలైట్ పార్టీ పెట్టినప్పుడు కొండపల్లి సీతారామయ్య పక్కన ఉన్నది ఈ సత్యమూర్తే. పార్టీలో కులం మాట ఎత్తి బయటికి రావలసి వచ్చిందీ ఆయనే. అంటే 'నిర్జన వారధి'లో ఇల్లు వదిలి వెళ్లిన మనిషి, ఈ పుస్తకంలో ఇంకో గుమ్మంలోంచి వస్తాడన్నమాట. అక్కడ భార్య చెబుతోంది, ఇక్కడ సహచరుడి మేనకోడలు చెబుతోంది. రెండూ చదవకపోతే నాకు సీతారామయ్య అంటే ఇప్పటికీ గోడ మీద పేరే.

అందుకని ఇప్పుడు ఎవరన్నా కొత్త ఆత్మకథ బాగుందా అని అడిగితే, దానికి ఎదురు నిలబడే ఇంకో పుస్తకం కూడా వెతుకుతున్నాను. పెద్ద నాయకుడు రాసుకుంటే ఆ ఇంటి ఆడవాళ్లెవరైనా రాశారా, ఆ ఊరి దళితవాడ నుంచి ఎవరైనా రాశారా అని. చాలాసార్లు దొరకదు. వై.బి. సత్యనారాయణ తన తండ్రి గురించి రాసిన 'మా నాయన బాలయ్య' లాంటివి అరుదు. రైల్వేలో పనిచేసిన దళిత కుటుంబం మూడు తరాల కథ అది, ఇది మాత్రం నేను చదివే చెబుతున్నాను. దొరకనప్పుడు దొరకలేదని చెబుతాను. దీనివల్ల కొట్లో నా పరపతి కొంచెం తగ్గింది. లెక్కలు రాసే కుర్రాడైతే, "ఇదివరకు టక్కున చెప్పేవాడివి బాబాయ్" అన్నాడు.

మొన్న టీచరమ్మ పుచ్చలపల్లి సుందరయ్య 'విప్లవ పథంలో నా పయనం' ఉందా అని వచ్చింది. ఉంది కానీ ఇంకా సగంలో ఉన్నానమ్మా, తెలంగాణ పోరాటం దగ్గర ఆగాను అన్నాను. "అయితే ఇటివ్వు. నువ్వు పూర్తి చేసేసరికి నా మిర్చి మూడో కోత కూడా అయిపోతుంది" అని పేజీలో నేను పెట్టుకున్న బిల్లు కాగితం తీసి నా చేతికిచ్చి, పుస్తకం పట్టుకుపోయింది.