మూడు చక్రాల బండిలో నా సీటు

బండి కొనడం మగవాళ్ళ వ్యవహారమని మనకు చిన్నప్పటి నుంచీ అలవాటైపోయింది. మైలేజీ ఎంత, ఇంజను ఎన్ని సీసీ, మళ్ళీ అమ్మితే ఎంతొస్తుంది, అన్నీ వాళ్ళే మాట్లాడుకుంటారు. చివర్లో మన వైపు తిరిగి "ఏ రంగు తీసుకుందాం?" అంటారు. ఆ బండి మీద సగం దూరం మనమూ ప్రయాణం చేస్తాం. ఒళ్ళో పిల్లాడు, భుజానికి సంచీ, ఒక పక్కకు తిరిగి కూర్చుని, ఒక చేత్తో కుచ్చిళ్ళు పట్టుకుని. వెనక సీటు ఎలా ఉందని ఎవరూ అడగరు, మనమూ చెప్పం. ఈ ఏడాది మా ఇంట్లో మాత్రం అడగక తప్పలేదు. ఎందుకంటే కొత్త బండి అవసరం పడిందే వెనక సీటు వల్ల.

మాది ఇస్నాపూర్. ముంబై హైవేకి కాస్త లోపలికి ఇల్లు. మావారు పాశమైలారంలో ఒక కంపెనీలో స్టోర్స్ చూస్తారు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. అయినా ఇన్నేళ్ళూ గేర్లు లేని మామూలు స్కూటరే నడిపారు. ఆగినప్పుడు కుడి కాలు ఆనిస్తారు. ఒక్కరే వెళ్తే ఇప్పటికీ ఇబ్బంది లేదు. నేను ఎక్కితేనే కష్టం. చీరలో ఒక పక్కకు కూర్చుంటాను కాబట్టి బండి ఎడమకు ఒరుగుతుంది. అదే ఆయన బలహీనమైన కాలు. రెండు పక్కలా కాళ్ళేసి కూర్చుని కూడా చూశాను, ఒరగడం తగ్గింది కానీ బరువు తగ్గదు కదా. యాభై నాలుగేళ్ళు దాటాక ఆయనకు ఆ బరువు ఆపడం కష్టమైంది. ఇస్నాపూర్ చౌరస్తాలో ముందొక లారీ, వెనకొక కంపెనీ బస్సు ఉన్నప్పుడు ఆగాలంటే ఇద్దరికీ గుండె దడ.

దాంతో కలిసి వెళ్ళడం మెల్లగా మానేశాం. పెళ్ళికి ఆయన ముందు బండి మీద, నేను వెనక షేర్ ఆటోలో. మహాలక్ష్మి పథకం వచ్చాక నాకు బస్సు ఉచితం. ఆయనకేమో బస్సు మెట్టే ఎత్తు. ఒక చోటికి రెండు దారుల్లో వెళ్ళి, ఒకరి కోసం ఒకరం గేటు దగ్గర ఎదురుచూడటం. ఇదేమీ పెద్ద కష్టం కాదనిపిస్తుంది, కానీ నెలలు గడిస్తే "నువ్వు పోయిరా, నేనెందుకులే" అనే మాట మొదలవుతుంది. ఆ మాట నాకు నచ్చలేదు.

నువ్వే స్కూటీ నేర్చుకోవచ్చు కదా అని మీలో కొందరు అంటారని తెలుసు. నేర్చుకున్నాను. కూరగాయలకు, బ్యాంకుకు నేనే వెళ్తాను. కానీ ముప్పై ఏళ్ళు బండి నడిపిన మనిషికి హ్యాండిల్ వదలడం అంటే వెనక్కి జరిగి కూర్చోవడం ఒక్కటే కాదు. ఆయన నడపగలరు, మూడో కాలు ఒకటి కావాలంతే.

మూడు చక్రాల బండ్లు చూస్తున్నామని చెబితే మా అబ్బాయి ఫోన్‌లో విదేశీ బండ్లు చూపించాడు. హార్లీ డేవిడ్సన్ ట్రై గ్లైడ్ అట, వెనక రెండు చక్రాలు. క్యాన్ ఆమ్ స్పైడర్ అట, దానికి ముందే రెండు చక్రాలు. గోల్డ్ వింగ్ బండ్లను కూడా మూడు చక్రాలుగా మార్చుకుంటారట. తల నెరిసిన భార్యాభర్తలు వాటి మీద వందల మైళ్ళు తిరుగుతారు. ధర సంగతి వదిలేయండి, మా ఇల్లు తాకట్టు పెట్టినా రావు. నా కళ్ళు మాత్రం వెనక సీటు మీదే ఆగాయి. ఆనుకోవడానికి వీపు, చేతులు పెట్టుకోవడానికి ఆసరా, పాదాలకు వెడల్పాటి చోటు. వెనక కూర్చునే మనిషికి నడుము ఉంటుందని వాళ్ళకు గుర్తుంది! మనకు వచ్చే పాత స్కూటర్‌లో ఇందులో ఎంత దొరుకుతుందో చూద్దామనుకున్నాను. అరవై వేలు దాటకూడదని లెక్క వేసుకుని వెతకడం మొదలుపెట్టాం.

మన దగ్గర దొరికేవి మూడు రకాలు. పక్కన తొట్టి కట్టిన పాత స్కూటర్ ఒకటి. మామూలు స్కూటర్‌కు వెనక అటూ ఇటూ చిన్న చక్రాలు బిగించింది రెండోది. దీన్ని కూడా అందరూ మూడు చక్రాల బండే అంటారు, లెక్కపెడితే నాలుగుంటాయి. వెనక చక్రం పూర్తిగా తీసేసి ఇరుసు వేసి రెండు చక్రాలు పెట్టింది మూడోది. అది నిజంగా మూడు చక్రాలది, కొన్నిటికి రివర్స్ గేరు కూడా పెడతారు. ఆ మూడో రకం పాతది మాకు దగ్గర్లో ఎక్కడా దొరకలేదు.

మొదట చూసింది బీహెచ్‌ఈఎల్ వైపు ఒక పెద్దాయన దగ్గర. చేతక్, ఇప్పటి ఎలక్ట్రిక్‌ది కాదు, 1972లో మొదలైన ఆ పాత గేర్ల చేతక్. పక్కన తొట్టి. నేను అందులో కూర్చుంటే మహారాణిలా ఉందన్నారు మావారు. కానీ దాన్ని స్టార్ట్ చేయాలంటే కిక్ కొట్టాలి, కుడి కాలితో కొట్టాలంటే ఎడమ కాలి మీద నిలబడాలి. ఇంకొకటి, తొట్టిలో కూర్చుంటే నా తల లారీ చక్రం ఎత్తులో ఉంది. ఊళ్ళో వీధుల్లో బాగుంటుందేమో, మన హైవే పక్కన నా వల్ల కాదన్నాను. పైగా తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు ఎడమకు గబుక్కున తిప్పితే అది పైకి లేస్తుందని ఆ పెద్దాయనే చెప్పారు. మంచి మనిషి, టీ ఇచ్చి పంపారు.

రెండోది చాలా చవకగా వచ్చింది. వికలాంగులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన బండి. తీసుకున్నాయన అవసరం పడి అమ్ముకుంటున్నాడు. మావారు బండి దగ్గరికి కూడా పోలేదు. "అది అమ్ముకోనీకి ఇచ్చింది కాదు, ఎవరికో రావాల్సింది మనం కొంటే ఎట్ల?" అన్నారు. అంతే, వచ్చేశాం.

మూడోది పటాన్‌చెరులో. యాక్టివా, ఏపీ 23 నంబరు, అంటే మన జిల్లా ఇంకా మెదక్‌గా ఉన్నప్పటిది. చూడటానికి తళతళలాడుతోంది. "నా బరువుతో చూడాలి, ఇద్దరం కూర్చుని నడుపుతాం" అన్నాను. మెకానిక్ తమ్ముడు వింతగా చూశాడు. సందు చివర స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే తెలిసింది. పక్క చక్రాలను గట్టి ఇనుప కడ్డీకి బిగించేశారు, వాటికి షాక్ అబ్జార్బర్లు లేవు. పక్క చక్రాలు మిట్ట మీద నిలబడితే అసలు వెనక చక్రం గాల్లో తిరుగుతోంది, బండి ముందుకు పోదు. ముందు కూర్చున్నాయనకు చిన్న కుదుపు, నాకు వెన్నులో పోటు. ఆర్‌సీ చూస్తే మామూలు స్కూటర్ అనే ఉంది. "అందరూ ఇట్లనే నడుపుతున్నరు వదినా" అన్నాడు. నడుపుతారేమో. కానీ చట్టంలో ఇలాంటి వాటికి అడాప్టెడ్ వెహికల్ అని వేరే పేరుంది. రవాణా శాఖ అనుమతితో మార్పు చేయించి ఆర్‌సీలో ఎక్కించాలి, నడిపేవారి లైసెన్సులో కూడా ఆ రకం ఉండాలి. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట అడిగేది ఆ కాగితమే.

నాలుగోది సంగారెడ్డిలో దొరికింది. టీఎస్ 15, 2019 బండి. ఆర్‌సీలో మార్పు రాసి ఉంది. పక్క చక్రాలకు వేరుగా షాక్ అబ్జార్బర్లు. అమ్మే ఆవిడ భర్త పోయి ఎనిమిది నెలలైంది. మగవాళ్ళిద్దరూ, మావారూ ఆమె తమ్ముడూ, ఇంజను చూస్తుంటే ఆవిడ నన్ను పక్కకు పిలిచింది. "అక్కా, నేను అయిదేండ్లు ఎనక కూసున్న, నేను చెప్త విను" అంది. సైలెన్సర్ కుడి వైపు ఉంది కాబట్టి కాళ్ళు ఎడమకే పెట్టమంది. వానలో ఎడమ చక్రం బురద మోకాళ్ళ దాకా కొడుతుంది, మడ్‌గార్డు పొడిగించుకోమంది. కొంగు, చున్నీ ముందుకు దోపుకోవాలి, పక్క చక్రంలో పడితే లాగేస్తుంది. మలుపులో బండి మామూలు స్కూటర్‌లా వంగదు, మనిషిని బయటికి తోస్తుంది, అప్పుడు కొంచెం లోపలికి ఒరగమంది. ఇరవై కిలోమీటర్లు దాటితే నడుము పట్టేస్తుంది, వీపుకు ఏదైనా పెట్టించుకోమంది. ఏ మెకానిక్కూ చెప్పని మాటలు అవి. బండి మీద చెయ్యి వేసి చెబుతోంది కానీ బండి వైపు చూడటం లేదు. నేను బేరం ఆడలేదు. యాభై రెండు వేలు అంది, సరేనన్నాను. మావారు కళ్ళతోనే అడిగారు, ఎందుకని. ఇంటికొచ్చాక చెప్పాను.

బండి ఇంకా ఆయన పేరు మీదే ఉంది. "సంతకాలు పెట్టి ఇస్తం, మీరే చూసుకోండి" అన్నాడు తమ్ముడు. పోయిన మనిషి పేరు మీద ఉన్న బండికి ఎవరు సంతకం పెడతారు? ముందు ఫారం 31 పెట్టి ఆమె పేరు మీదికి మార్పించుకోవాలి. తరవాత ఆమె మాకు 29, 30 ఫారాలతో అమ్మాలి. ఆ పనికి నెల పట్టింది, మేం ఆగాం. డబ్బు కూడా ఆమె ఖాతాలోకే వేశాం. ఒక మాట ఇక్కడే చెప్పాలి. 2021 నుంచి ఆర్‌సీలో నామినీ పేరు రాయించుకోవచ్చు. బ్యాంకు ఖాతాకు రాయిస్తాం, బండికి మరిచిపోతాం. మీ ఇంటి బండికి ఉందో లేదో ఈ సాయంత్రం చూసుకోండి.

ఇన్సూరెన్స్ విషయం ఇంకా ముఖ్యం. మనలో చాలామందికి తెలియదు, థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న పాలసీలో మన బండి వెనక కూర్చున్న మనిషికి రక్షణ ఉండదు. అంటే భార్యకు! 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. దారిన పోయేవాళ్ళకు వస్తుంది, వెనక ఉన్న మనకు రాదు. ప్యాకేజీ పాలసీ, మనం ఫుల్ ఇన్సూరెన్స్ అంటామే, అది ఉంటే వెనక కూర్చున్నవాళ్ళకూ వర్తిస్తుంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు థర్డ్ పార్టీ అయిదేళ్ళకు ఒకేసారి కట్టించుకుంటున్నారు కాబట్టి, బీమా ఉందిలే అని ధీమాగా ఉంటాం. ఏ రకందో చూడం. ఈ బండిది ఆ అయిదేళ్ళూ అయిపోయాయి. మావారు కొత్తగా థర్డ్ పార్టీ చాలన్నారు. నేను ఆ కోర్టు సంగతి చెప్పాను. మరునాడే ఫుల్ పాలసీ కట్టారు.

వెనక కూర్చునేవాళ్ళ కోసం పట్టుకోవడానికి పిడి, పాదం పెట్టుకోవడానికి చోటు, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే చీర గార్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ఉంది. మన కోసం కూడా ఒక నిబంధన ఉందని తెలిసి నాకు ముచ్చటేసింది. మా బండికి పిడి వదులైంది, గార్డు తీసేసి ఉంది. పాశమైలారం దారిలో ఒక బీహారు వెల్డరు ఉన్నాడు. రేకులు, గేట్లు చేస్తాడు. నన్ను బండి మీద కూర్చోబెట్టి, మోకాలి దగ్గర నుంచి పాదం దాకా టేపుతో కొలిచి, వెడల్పాటి పాదాల పలక చేశాడు. చీర గార్డు, పొడిగించిన మడ్‌గార్డు, వీపుకు మెత్త పెట్టిన ఆసరా. అన్నీ కలిపి రెండు వేల ఎనిమిది వందలు. నలభై తొమ్మిదేళ్ళలో బండికి నా కొలతలు తీసుకోవడం అదే మొదటిసారి.

ఆయన లైసెన్సులో కొత్త రకం చేర్పించుకున్నాక మొదట రుద్రారం గణేశ్‌గడ్డకు వెళ్ళాం. సర్వీసు రోడ్డు మీద నలభై దాటకుండా, ఇద్దరికీ హెల్మెట్లు. మొదటి మలుపులో ఆవిడ చెప్పినట్టే బండి బయటికి తోసింది, నేను లోపలికి ఒరిగాను. సిగ్నల్ దగ్గర ఆగితే ఆయన రెండు కాళ్ళూ బండి మీదే ఉన్నాయి. అద్దంలో నన్ను చూసి, "మంచిగ కూసున్నవా?" అని అడిగారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో బండి మీద ఆ మాట అడగడం విన్న గుర్తు లేదు.

వానలు తగ్గాక ఝరాసంగం కేతకీ సంగమేశ్వర స్వామి దగ్గరికి పోదామంటున్నారు. దూరమే. ఇరవై కిలోమీటర్లకొకసారి ఆగి టీ తాగాలని షరతు పెట్టాను. ఒప్పుకున్నారు. సంగారెడ్డిలో మొదటి టీ ఆవిడ ఇంట్లోనే, ఫోన్ చేసి చెప్పాను.