ఎరీ సరస్సు చుట్టూ

మా అబ్బాయి ఉండే నోవై నుంచి నయాగరాకు దగ్గరి దారి కెనడాలోంచి పోతుంది. డెట్రాయిట్‌లో నది దాటి, విండ్సర్ మీదుగా ఒంటారియో రహదారి ఎక్కితే నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. మేము మాత్రం టొలీడో, క్లీవ్‌లాండ్, బఫెలో మీదుగా ఆరు గంటలకు మించి పట్టే దారిన పోయాం. ఎరీ సరస్సును ఉత్తరం పక్క వదిలేసి దక్షిణం పక్క నుంచి చుట్టి రావడమన్నమాట. అబ్బాయి పాస్‌పోర్టులో హెచ్1బి ముద్రకు గడువు తీరిపోయింది. కెనడాకు పోయి ముప్పై రోజుల్లోపు తిరిగొస్తే పాత ముద్రతోనే రానిచ్చే నిబంధన ఒకటి ఉందట. 2025 ఎండాకాలంలో ఆ నిబంధనను నమ్ముకుని సరిహద్దు దాటే ధైర్యం వాడికీ లేదు, వాడి కంపెనీ లాయరుకూ లేదు.

"చట్టం ప్రకారం దాటొచ్చు బాపూ. తిరిగి రానియ్యకపోతే మరి ఎవలను అడగాలె?" అన్నాడు.

కొడుకు మిషిగన్‌లో, బిడ్డ టొరంటో పక్కన మిసిసాగాలో. ఇద్దరి మధ్యా ఒక సరస్సు, ఒక సరిహద్దు. ఆ సరిహద్దు అలాస్కాతో కలిపి 8,891 కిలోమీటర్లు. ప్రపంచంలో రెండు దేశాల మధ్య ఇంత పొడవైనది మరొకటి లేదు. హన్మకొండలో కూర్చుని పటం చూసినప్పుడు అది పక్క జిల్లాకు పోయినట్టే అనిపించేది. జులై మొదటివారంలో నోవైలో తెలుగు సంఘం తానా సభలు జరిగాయి. 1977లో మొదటి సభ జరిగిననాటి నుంచీ ఆ సంఘం పేరులో ఉన్నది అమెరికా ఒక్కటే కాదు, ఉత్తర అమెరికా. కెనడా పౌరురాలైన మా బిడ్డ సులువుగా రావచ్చు. రానంది. వాళ్ల ఆఫీసులో చాలామంది ఆ ఏడు అమెరికాలో ఒక్క డాలరు కూడా ఖర్చు పెట్టొద్దని అనుకున్నారట. కెనడా అమెరికాకు 'యాభై ఒకటో రాష్ట్రం' కావాలన్న మాట అక్కడ బాగానే గుచ్చుకుంది. పుట్టింది హన్మకొండ, పౌరుషం కెనడాది. మా ఆవిడ ఈ సంగతి ఫోన్‌లో విని చాలాసేపు నవ్వింది.

బయల్దేరే ముందురోజు సాయంత్రం అబ్బాయి డెట్రాయిట్ నది ఒడ్డుకు తీసుకుపోయాడు. ఎదురుగా కనిపించేది కెనడా, అదీ దక్షిణం దిక్కున! నది అక్కడ అలా వంపు తిరిగింది. కుడిపక్క 1929 నాటి అంబాసిడర్ వంతెన, దానికి అవతల ఉక్కు తీగలకు వేలాడుతున్న కొత్త గోర్డీ హౌ వంతెన. అప్పటికి దాని మీద ఇంకా బండ్లు నడవడం మొదలుకాలేదు. పాత వంతెన ఒక ప్రైవేటు కంపెనీ సొత్తు. కొత్తదానికి పెట్టుబడంతా కెనడాది, హక్కు మాత్రం కెనడాకూ మిషిగన్ రాష్ట్రానికీ ఉమ్మడి. పేరు కెనడాలో పుట్టి డెట్రాయిట్ జట్టుకు పాతికేళ్లు ఐస్ హాకీ ఆడినాయనది. 1965లో రెండు దేశాలూ కార్ల ఒప్పందం చేసుకున్నాక ఈ నదికి అటూ ఇటూ ఉన్న ఫ్యాక్టరీలు ఒకే ఫ్యాక్టరీలాగా పనిచేశాయి. కారు తయారయ్యేలోపు దాని భాగాలు కొన్ని చాలాసార్లు నది దాటతాయి. 2025 ఏప్రిల్‌లో అమెరికా బయటి కార్ల మీద 25 శాతం సుంకం వేసింది. మావాడిది కార్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సుంకం మాటెత్తితే వేరే సంగతి మాట్లాడతాడు.

నయాగరాలో రెయిన్‌బో వంతెనను నడిచి దాటవచ్చు. అంతకుముందున్న వంతెనను 1938 జనవరిలో మంచుగడ్డలు కూల్చేస్తే 1941లో ఇది కట్టారు. అబ్బాయి అమెరికా కొసన ఆగిపోయాడు. మేమిద్దరం చక్రాల పెట్టె లాక్కుంటూ బయల్దేరాం. వంతెన నడుమ సరిహద్దు గుర్తుగా ఒక ఫలకం, పక్కన జెండాలు. అందరూ చెరో దేశంలో ఒక కాలు పెట్టి ఫొటో దిగుతున్నారు. మా ఆవిడా నిలబడి, "ఏ కాలు మీద బరువు వెయ్యాలె?" అని అడిగింది. అవతలి కొసన అధికారి ఎక్కడికి, ఎన్నాళ్లకు, ఎవరింటికి అని అడిగి, తినేవి ఏమున్నాయన్నాడు. సకినాల డబ్బా మూత తీసి చూపించాం. ఒకదాని వంక చూసి పొమ్మన్నాడు. రెండు దేశాల వీసాలూ హైదరాబాద్‌లో వేలిముద్రలిచ్చి తెచ్చుకున్నవే. ఆ కాగితాలున్న మేము నడిచి దాటాం. అమెరికాలో పన్ను కడుతున్న వాడు దాటలేకపోయాడు.

బిడ్డ ఇంట్లో ఉన్నన్నాళ్లూ రెండు సంసారాలను పోల్చుకోవడమే మా పని. అబ్బాయికి జీతం ఎక్కువ, ఇల్లు పెద్దది, పెట్రోలు చవక. అయినా పదేళ్లు దాటినా ఉద్యోగం పోతే అరవై రోజుల్లో దారి చూసుకోవాల్సిన మనిషే. ఉద్యోగాల కోటాలో ఏ ఒక్క దేశానికీ మామూలుగా ఏటా 7 శాతానికి మించి గ్రీన్‌కార్డులు ఇవ్వరు. మేము వెళ్లిన జులైలో మనవాళ్ల వరుస ఇంకా 2013 నాటి దరఖాస్తుల దగ్గరే ఉంది. అమ్మాయి, అల్లుడు మార్కుల లెక్కన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో వచ్చి, శాశ్వత నివాసం తెచ్చుకుని, ఐదేళ్లలో 1,095 రోజులు అక్కడ ఉన్నట్టు లెక్క చూపి పౌరులయ్యారు. కాన్పుకు ఆసుపత్రిలో బిల్లే లేదు. అదే అల్లుడి మోకాలికి స్పెషలిస్టును కలవాలంటే నెలల తరబడి ఆగాల్సి వచ్చింది. వాళ్ల డాలరు బలం తక్కువ, ఇళ్ల ధరలు మాత్రం ఆకాశంలో. "అక్కడ డబ్బు, ఇక్కడ నిద్ర మామయ్యా" అన్నాడు అల్లుడు. నేను దాన్ని సగమే ఒప్పుకుంటాను. అతనూ వాయిదాలు లెక్కబెట్టుకుంటూ నిద్రపట్టక తిరగడం చూశాను.

2023 జులైలో అమెరికా హెచ్1బి వాళ్ల కోసం కెనడా 10,000 పని పర్మిట్లు పెడితే రెండు రోజులు నిండకముందే దరఖాస్తులు నిండిపోయాయి. మా అబ్బాయి స్నేహితులు చాలామంది ఆ రెండు రోజులూ కంప్యూటరు ముందే కూర్చున్నారట. మరుసటి ఏడాదికే కెనడా కూడా విద్యార్థి పర్మిట్లకు పరిమితి పెట్టి, శాశ్వత నివాసాల లక్ష్యాన్ని ఐదు లక్షల నుంచి దాదాపు నాలుగు లక్షలకు దించింది. ఒకప్పుడు హన్మకొండలో సందుసందునా కనిపించిన కెనడా కన్సల్టెన్సీ బోర్డుల్లో ఇప్పుడు జర్మనీ, ఐర్లాండ్ చేరాయి.

బిడ్డ వాళ్ల ఊళ్లో సూపర్ మార్కెట్లో సరుకుల అరల మీద మేపుల్ ఆకు గుర్తులు. ఏది కెనడాదో చూసి మరీ కొంటున్నారు. ఒంటారియో ప్రభుత్వ మద్యం దుకాణాల్లో మార్చి నుంచి అమెరికా సీసాలు తీసేశారని అల్లుడు అరలు చూపించాడు.

నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని. నయాగరా జలపాతం ముందు అందరూ ఫొటోలు తీసుకుంటుంటే నాకు గేట్లు ఎక్కడున్నాయన్న దాని మీదే ధ్యాస. మా కాకతీయ కాలువ మీద తూము ఎత్తితే చాలు, ఆ రోజు ఎవరో ఒకరు కొట్లాటకు వచ్చేవారు. ఇక్కడ ఏ తూమూ కనిపించదు కానీ ఇది పూర్తిగా గేట్ల లెక్కన పడే జలపాతం. గుర్రపునాడా జలపాతానికి కాస్త ఎగువన, కెనడా ఒడ్డు నుంచి నదిలోకి పద్దెనిమిది గేట్ల బారు ఉంది. రెండు దేశాలూ 1950 ఫిబ్రవరిలో ఒప్పందం రాసుకున్నాయి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ సగం దాకా ఉదయం 8 నుంచి రాత్రి 10 వరకు లక్ష క్యూసెక్కులకు తగ్గకుండా జలపాతం మీద పారాలి. ఆ తర్వాత అక్టోబర్ ఆఖరు దాకా రాత్రి 8కే సమయం ముగుస్తుంది. మిగిలిన వేళల్లో, చలికాలమంతా యాభై వేలు చాలు. నదిలో సగటున వచ్చేది రెండు లక్షల క్యూసెక్కుల పైమాట. అంటే యాత్రికులు చూసేది సగం నీళ్లే. మిగిలింది సొరంగాల్లో పోయి ఇటు సర్ ఆడమ్ బెక్, అటు రాబర్ట్ మోజెస్ కేంద్రాల్లో కరెంటు తీస్తుంది. వాటా సమానం.

నాకు టీఎంసీలలో తప్ప నీళ్లు అర్థం కావు. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు. నది మొత్తం రోజుకు 17 టీఎంసీల పైన. కృష్ణలో బచావత్ ట్రిబ్యునల్ పంచిన మొత్తం 2,130 టీఎంసీలు. నయాగరాకు అది నాలుగు నెలల పని. ఈ లెక్క చెబితే అల్లుడు "నీళ్లు ఎక్కువున్నోళ్లకు తగాదా ఏముంటది మామయ్యా!" అన్నాడు.

నిజమే కానీ, తగాదాలు లేక కాదు. మాంటానా, ఆల్బర్టాల మధ్య సెయింట్ మేరీ, మిల్క్ నదుల మీద నూరేళ్లకు ముందే వాళ్లు కాలువకు కాలువ తవ్వుకుని కొట్లాడుకున్నవాళ్లే. ఆ గొడవ, నయాగరా కరెంటు, షికాగో నీళ్ల మళ్లింపు కలిసి 1909లో సరిహద్దు జలాల ఒప్పందానికి దారితీశాయి. అప్పటికి కెనడా తరఫున సంతకం బ్రిటన్‌ది. దానితో ఏర్పడిన ఉమ్మడి కమిషన్‌లో ఆరుగురు సభ్యులు, చెరి ముగ్గురు. తాగునీరు ముందు, తర్వాత ఓడలు, ఆ తర్వాతే కరెంటు, సేద్యం అని వరుస రాసిపెట్టారు. రాజధానుల్లో పెద్దవాళ్లు ఒకరినొకరు ఏమనుకున్నా ఆ వేసవిలో రాత్రి పదికే గేట్లతో జలపాతానికి నీళ్లు తగ్గించారు. అన్ని నదుల కథా ఇదే అనను. కొలంబియా నది ఒప్పందాన్ని కొత్తగా రాసుకునే చర్చలను అమెరికా 2025 మార్చిలో ఆపేసింది.

రెండు దేశాలకూ కుదిరిన చోట మూడోవాళ్లు మునిగారు. రాబర్ట్ మోజెస్ కేంద్రం జలాశయానికి టస్కరోరా ఆదివాసుల భూమి కావాల్సి వస్తే 1960లో అమెరికా సుప్రీంకోర్టు తీసుకోవచ్చంది. 550 ఎకరాల దాకా పోయింది. పోచంపాడు ముంపు ఊళ్ల వాళ్లను ఎరిగినవాణ్ని, ఆ జలాశయం వైపు ఫొటో తీయబుద్ధి కాలేదు.

బిడ్డ ఇంటికి మళ్లే దారిలో క్వీన్‌స్టన్ గుట్ట ఎక్కాం. 1812 అక్టోబర్ 13న అమెరికా సైన్యం నది దాటి వచ్చింది ఇక్కడే. బ్రిటిష్ సేనాని బ్రాక్ ఇక్కడే చనిపోయాడు. ఎత్తైన స్తంభం మీద ఆయన విగ్రహం ఉంది. మరుసటి ఏడు అమెరికన్లు టొరంటోను తగలబెట్టారు, ఆ పై ఏడు బ్రిటిష్ వాళ్లు వాషింగ్టన్‌ను తగలబెట్టారు. 1817లో సరస్సుల మీద యుద్ధనౌకలకు పరిమితి రాసుకున్నారు. అంత సుంకాల గొడవలోనూ ఎవరూ సరస్సులోకి ఫిరంగి దింపుదామనలేదు.

తిరిగొచ్చాక సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున నడిచే మా రిటైర్డ్ ఇంజనీర్ల గుంపు పిల్లల సంగతులు అడిగింది. నేను గేట్ల సంగతి, ఉమ్మడి కమిషన్ సంగతి చెప్పాను. ఎందుకంటే మా అందరికీ 2023 నవంబర్ 30 గుర్తుంది. ఇక్కడ తెలంగాణలో మనం అసెంబ్లీకి ఓట్లేస్తుండగా నాగార్జునసాగర్ 26 గేట్లలో 13 గేట్ల దాకా ఆంధ్ర పోలీసులు కంచె వేసి కుడి కాలువకు నీళ్లు వదిలారు. ఆఖరికి డ్యాం మీదికి కేంద్ర బలగాలు రావాల్సి వచ్చింది.

"ముగ్గురు ముగ్గురైతే మరి చెరోపక్క నిలబడరా? అప్పుడేంది?" అని అడిగారు ఒక పెద్ద సారు.

"నిలబడితే ఎవరి రిపోర్టు వాళ్లు ఎవరి సర్కారుకు ఇచ్చుకుంటరు సార్. చానా అరుదు అట్లయితది."

"అంటే అవతలోడు ఒక్కడన్నా మన పక్క ఒప్పుకోవాలె" అని ఆయన ఇంకో రౌండు నడిచొచ్చి, మన కృష్ణా బోర్డులో ఆంధ్రకు 512, తెలంగాణకు 299 టీఎంసీల లెక్క ఈ ఏడు మళ్లీ పొడిగిస్తరా, కొత్తది చేస్తరా అని అడిగారు.