సుగ్గి నేర్పిన ప్రయాణం

రైలు పార్మా స్టేషన్ దాటాక ఆమెకు మెలకువ వచ్చింది. పక్క సీట్లో పెట్టుకున్న చేతిసంచీ లేదు. సీటు కింద చూసింది. లేచి పైన సామాన్లు పెట్టుకునే అర చూసింది. బట్టల పెట్టె ఉంది, సంచీ మాత్రం లేదు. సెల్‌ఫోను, రెండు బ్యాంకు కార్డులు, మూడొందల యూరోలు అందులోనే ఉన్నాయి. ఎనిమిది రోజుల రైలు టికెట్లు, గదుల వివరాలు ఆ ఫోన్లోనే ఉన్నాయి. ఎదుటి సీట్లోని పెద్దాయన ఇటాలియన్‌లో ఏదో చెబుతూ కిటికీలోంచి వెనక్కి చెయ్యి చూపించాడు. భాష రాకపోయినా విషయం అర్థమైంది. తీసుకున్నవాడు పార్మాలోనే దిగిపోయాడు!

అది 2023 సెప్టెంబరు చివరి వారం. మిలాన్ నుంచి బొలోన్యా వెళ్లే రైలు. దేశం కాని దేశంలో ఆమె ఒక్కతే.

ఆమెది కర్నూలు జిల్లా హాలహర్వి. ఆలూరు నుంచి బళ్లారి వెళ్లే దారిలో, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. చదువుకుని బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరింది. కంపెనీ పని మీద రెండు వారాలు మిలాన్ పంపారు. ఇంత దూరం ఎలాగూ వచ్చాం, మళ్లీ ఎప్పుడొస్తామో అని ఎనిమిది రోజులు సెలవు పెట్టుకుంది. బొలోన్యా, వెనిస్, ఫ్లోరెన్స్, చివరికి రోమ్. అక్కణ్నుంచి ఇంటికి విమానం. గదులకు ముందే డబ్బు కట్టేసింది.

‘‘ఆడపిల్లవి, ఒక్కదానివే ఎట్లా తిరుగుతావు?’’ అని బంధువులంతా అన్నారు. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది. ‘‘దుడ్లు యాడ పెట్టుకుంటావు పాపా?’’

అలా అడగడంలో అమ్మకు అమ్మ లెక్క ఉంది. కూతురు బెంగళూరు వెళ్లిన కొత్తల్లో పాత చీర చించి ఒక చిన్న గుడ్డసంచి కుట్టిచ్చింది. నాడాతో నడుముకు కట్టుకునేది. మిలాన్‌లో ఆ పొద్దున చొక్కా కింద ఎత్తుగా కనిపిస్తోందని దాన్ని పెట్టెలో పడేయబోయి, మళ్లీ ఎందుకో కట్టుకుంది. ఇప్పుడు చేత్తో తడిమి చూసుకుంటే పాస్‌పోర్టు ఉంది. మడతపెట్టిన నాలుగు యాభై యూరోల నోట్లూ ఉన్నాయి.

పశ్చిమ కర్నూలు పల్లెల్లో ‘సుగ్గి’ అన్న మాట తెలియని ఇల్లుండదు. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం, పంట ఇంటికొచ్చే సంబరం. ఆదోని, ఆలూరు, కోసిగి వైపు ఆ మాటకు అర్థం మారిపోయింది. మన చేలో పండనప్పుడు వేరేవాళ్ల పంట కోయడానికి ఊరొదిలి వెళ్లడమే ఇక్కడ సుగ్గి. సంక్రాంతి పోగానే ఇళ్లకు తాళాలు పడతాయి. జొన్నపిండి, గిన్నెలు, బొంతలు మూటగట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని లారీల్లో, రైళ్లలో గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు. వలసపోయిన వాళ్ల పిల్లల చదువు ఆగిపోకుండా బళ్లలో సీజనల్ హాస్టళ్లు పెట్టాల్సి వచ్చింది. ఆమె కూడా చిన్నప్పుడు మూడేళ్లు అమ్మతోపాటు సుగ్గికి పోయింది. ఆ తర్వాత అవ్వ దగ్గర ఉండి చదువుకుంది.

అమ్మకు చదువు రాదు. కానీ సుగ్గికి పోయి పోయి కొన్ని సూత్రాలు ఏర్పరచుకుంది. దుడ్లు ఒకే చోట పెట్టుకోకూడదు. కొత్త ఊళ్లో దిగగానే నీళ్లెక్కడున్నాయో, తిరిగొచ్చే దావ ఏదో చూసుకోవాలి. ఎవరినైనా అడగాల్సి వస్తే చంకలో బిడ్డ ఉన్న ఆడమనిషిని అడగాలి.

రెజ్జో ఎమీలియా స్టేషన్లో దిగిన ఆమెకు కాళ్లు వణుకుతున్నాయి. ప్లాట్‌ఫాం మీద ఊరికే నిలబడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లందరినీ దాటుకుని వెళ్తే, పిల్లాడి బండి తోసుకుంటూ సల్వార్ కమీజులో ఒకావిడ కనిపించింది. పంజాబీ. హిందీలో విషయం చెబుతుండగానే ఏడుపొచ్చేసింది. ఆవిడ ముందు తన ఫోను చేతిలో పెట్టింది. తర్వాత డబ్బా తెరిచి ఒక పరాటా ఇచ్చింది.

మొదట బ్యాంకుకు చేసి కార్డులు ఆపేయించింది. తర్వాత ఇంటికి చేద్దామంటే, నోటికొచ్చిన నంబరు ఒక్కటే... అమ్మది. ఆ నంబరు హాలహర్విలో ఇంటి గోడ మీద బొగ్గుతో పెద్దగా రాసి ఉంటుంది. ఏళ్ల తరబడి చూసి చూసి అలా ఉండిపోయింది.

‘‘పాస్‌పోటు ఉందా?’’ అంది అమ్మ అంతా విని.

‘‘ఉందమ్మా.’’

‘‘దుడ్లు?’’

‘‘రెండొందలు.’’

‘‘దెబ్బలేమన్నా తగిలినాయా?’’

‘‘లేదు.’’

అవతల కాసేపు మాట లేదు. తర్వాత అంది: ‘‘పోయింది యాలాగూ పోయింది. ఏడ్సుకుంటా వచ్చేస్తే అది తిరిగొస్తాదా? మల్లా పోయేకి అయితాదో లేదో. సూసి రా పో.’’

తిట్టు పడుతుందనుకున్న ఆమెకు ఆ మాట విన్నాక ఊపిరి తిరిగింది. పంజాబీ ఆవిడే తోడొచ్చి పోలీసులకు ఫిర్యాదు రాయించింది. నడుస్తూ తన సంగతులు చెప్పింది. భర్త పాడి ఫారంలో పాలు పితుకుతాడు. పో నది మైదానంలోని పశువుల కొట్టాల్లో ఇలాంటి పంజాబీలు వేలమంది ఉన్నారు. ప్రపంచమంతా తినే పర్మేసాన్ చీజ్ వెనక తెల్లవారక ముందే లేచే ఆ చేతులు ఉన్నాయి. దగ్గర్లోని నోవెల్లారాలో 2000 సంవత్సరంలోనే పెద్ద గురుద్వారా వెలిసింది. ‘‘పెద్దవాణ్ని నాలుగేళ్లు అత్తగారి దగ్గర వదిలేసి వచ్చాం’’ అంటుంటే ఆవిడ గొంతు తగ్గింది. అవ్వ దగ్గర పెరిగిన పిల్లకు అది విడమరిచి చెప్పాల్సిన సంగతి కాదు. సుగ్గి అన్న మాటను హిందీలో ఎలా చెప్పాలో మాత్రం ఆమెకు తెలియలేదు.

సాయంత్రానికి బొలోన్యా చేరింది. బస దగ్గర పాస్‌పోర్టు అడిగారు. గోడవైపు తిరిగి నడుం సంచి విప్పుతుంటే రిసెప్షన్‌లో ఉన్న పెద్దావిడ నవ్వింది. వెక్కిరింపు కాదది. వాళ్ల అమ్మమ్మ కూడా సరిగ్గా ఇలాగే డబ్బు దాచుకునేదట! ఆమె యవ్వనంలో ఏటా ఎండాకాలం మొదట్లో పీడ్‌మాంట్ వైపు వెర్చెల్లి వరిపొలాలకు కలుపుతీతకు వెళ్లేదట. ఇలా వెళ్లే ఆడవాళ్లను ‘మొందీనె’ అంటారు. మోకాళ్లలోతు నీళ్లలో రోజంతా వంగి పని. రాత్రి షెడ్లలో వరసగా పడక. కూలిలో కొంత బియ్యంగానే ఇచ్చేవారు. వాళ్ల బతుకు మీద 1949లో ‘రీజో అమారో’ అనే సినిమా వచ్చింది. చేదు బియ్యం అని అర్థం. కలుపు మందులు, యంత్రాలు వచ్చాక 1960ల్లో ఆ వలసలు ఆగిపోయాయి.

ఆ రాత్రి ఆమెకు నిద్ర సరిగా పట్టలేదు. వెనక్కి వెళ్లిపోదామా అన్న ఆలోచన రెండుసార్లు వచ్చింది. తెల్లారి లెక్క వేసుకుంది. రైళ్లకు దాదాపు డెబ్బై యూరోలు పోతే, తిండికీ మిగతావాటికీ నూటముప్పై. మిలాన్‌లోని సహోద్యోగి కావాలంటే డబ్బు పంపుతానంది. ‘‘చాలకపోతే అడుగుతా’’ అని చెప్పింది. పెట్టెలో అమ్మ కట్టిచ్చిన ఎండు జొన్నరొట్టెలు, గురెళ్ల పొడి ఇంకా మిగిలున్నాయి. సుగ్గి మూటలో మొదట సర్దే తిండి అదే. నెలైనా చెడదు.

ఇక ఫోను లేని ప్రయాణం. కాగితం టికెట్ కొనుక్కుని, రైలెక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. ఒకసారి మర్చిపోతే టికెట్లు చూసేటావిడ పెన్నుతో తేదీ రాసి, వేలు ఊపి హెచ్చరించి వదిలేసింది. కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగితే యూరో పైచిలుకు, కూర్చుంటే ఇంకా ఎక్కువ. నిలబడే తాగింది. పిజ్జా ముక్క కత్తెరతో కత్తిరించి, తూకం వేసి ఇస్తారు. ఎంత కావాలో చేత్తో చూపిస్తే చాలు.

వెనిస్‌లో ఫోనున్నవాళ్లే దారి తప్పుతారు. ఇళ్ల నంబర్లు వీధుల వారీగా కాక పేటల వారీగా ఉంటాయి. ఆరు పేటలు, వేల నంబర్లు. గోడల మీద రియాల్తోకు, సాన్ మార్కోకు దారిచూపే పసుపు పలకలే దిక్కు. మొదటిరోజు ఒకే కాలువ దగ్గరికి మూడుసార్లు వచ్చింది. మూడోసారి మెట్ల మీద కూర్చుని నవ్వుకుంది. కాలేజీ రోజుల్లో హంపీ వెళ్లినప్పుడు తెలుసుకున్న ఒక వెనిస్ వర్తకుడు గుర్తొచ్చాడు. పేరు చేజరే ఫెదెరీచి. 1563లో ఇక్కణ్నుంచే బయల్దేరాడు. రాక్షసి తంగడి యుద్ధం జరిగిన రెండేళ్లకు, 1567లో విజయనగరం చేరాడు. ఇళ్లు నిలబడే ఉన్నా మనుషులు లేని నగరాన్ని చూశాడు. నెలలో అయిపోయే పనికి ఏడు నెలలు అక్కడే ఉండిపోయాడు. కారణం... దారుల్లో దొంగల భయం! అయినా ప్రయాణం మానలేదు. మొత్తం పద్దెనిమిదేళ్లు తిరిగి 1581లో వెనిస్ చేరాడు. మరి తనకు పోయింది ఒక్క చేతిసంచీయే కదా అనుకుంది.

అక్టోబరు 1 ఆదివారం. ఫ్లోరెన్స్. నెలలో మొదటి ఆదివారం ఇటలీలో ప్రభుత్వ మ్యూజియాలకు టికెట్ ఉండదు. ఉఫిజి ముందు చాంతాడంత వరస. జొన్నరొట్టె ముక్క నములుతూ నిలబడింది. లోపల బొత్తిచెల్లి గీసిన వీనస్ ముందు అందరూ ఫోన్లు ఎత్తిపట్టుకుని ఉన్నారు. ఎత్తడానికి ఆమె దగ్గర ఏమీ లేదు కాబట్టి ఊరికే చూస్తూ నిలబడింది. చాలాసేపు.

రోమ్‌లో ఆమెను ఎక్కువగా ఆపింది కొలోసియం కాదు, వీధి కొళాయిలు. ఇనుప స్తంభానికి వంకీ గొట్టం, అందులోంచి రాత్రింబవళ్లు పారే చల్లని తాగునీళ్లు. గొట్టం ముక్కులా ఉంటుందని వాటిని ‘నాసోనె’ అంటారు. నగరంలో ఇలాంటివి రెండు వేలకు పైనే ఉన్నాయి. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టి పెరిగిన పిల్ల, ఆ నీళ్లు అలా పారిపోతుంటే చూడలేక మొదటిరోజు కొళాయి కట్టేయడానికి మర కోసం వెతికింది. సీసా నింపుకుని లేచేసరికి ‘దిగుతానే నీళ్లు సూసుకో’ అన్న అమ్మ మాట గుర్తొచ్చింది.

ఇంటికి చేరేసరికి గుడ్డసంచిలో ఆరు యూరోలు మిగిలాయి. చూపించడానికి ఒక్క ఫొటో లేదు. అందుకే అన్నీ నోటితోనే చెప్పాల్సి వచ్చింది. అమ్మ అరుగు మీద కూర్చుని వింది. కొలోసియం గురించి ఏమీ అడగలేదు. పంజాబీ ఆవిడ పెద్దకొడుకు ఇప్పుడు తల్లి దగ్గరికి వచ్చాడా అని అడిగింది. మొందీనెలకు కూలి సరిగా ఇచ్చేవారా అని అడిగింది.

చీకటి పడ్డాక, ఇన్నేళ్లూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది.

‘‘అప్పుడు నువ్వు నా సంకలో ఉండావు. సుగ్గి నుంచి వస్తాంటే రైల్లో మూట పోయింది. మూడు నెల్ల కూలి దాంట్లోనే ఉండె. గుంటకల్లులో దిగి, ఇంటికి ఏ మొగం పెట్టుకొని పోవాలని తెల్లార్లూ స్టేషన్లోనే కూసున్యా. ఆ సంచి కుట్టడం అప్పుడే మొదులుపెట్టినా.’’

‘‘మళ్లీ ఏడు పోయినావా?’’

‘‘పోకుంటే యెట్ల?’’

ఆమెకు అప్పుడు అర్థమైంది, ఫోనులో అమ్మ ఎందుకు మాట్లాడకుండా ఆగిందో. ‘సూసి రా పో’ అని ఎందుకందో.

పాతికసార్లు గుంటూరు వైపు వెళ్లొచ్చిన అమ్మ, వంద కిలోమీటర్లు కూడా లేని హంపీ ఎప్పుడూ చూడలేదు. ఆ ఏడు దీపావళి సెలవులకు కూతురు తీసుకెళ్లింది. బస్సు దిగగానే అమ్మ చుట్టూ కలియజూసి, ‘‘నీళ్లు యాడుండాయి? తిరుగు బస్సు యాడ నిలబడ్తాది?’’ అంది. కూతురికి నవ్వాగలేదు. పగలంతా తిరిగారు. రాతిరథం చక్రం మీది చెక్కడాలను అమ్మ తీరిగ్గా చూసింది. తొందర పెట్టే మేస్త్రీ లేడు, నింపాల్సిన టిక్కీ లేదు.

సాయంత్రం బస్సెక్కాక అలవాటు కొద్దీ నడుం తడుముకుంది. సంచి ఉంది. పొద్దున ఉన్నదానికంటే పలచబడింది.

‘‘ఊరిడిసిపెట్టి పోయి, కూలి లేకుండా తిరిగొచ్చేది ఇదే మొదులు పాపా’’ అంది, నవ్వుతూ.